హీబ్రూ మాటలు నేర్చుకున్నాక అత్తయ్య నా ముందు బైబిలు తెరవడం మానేశారు

కోస్తా జిల్లాల నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వద్దన్నారు. ఆరు పేజీలుంది, కుదించి చెబుతాను.

ఆమెకు ముప్ఫై ఆరేళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆదివారం మందిరంలో సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతారు. లాక్‌డౌన్ రోజుల్లో ఫోన్లో హీబ్రూ పదాల వీడియోలు వినడం మొదలుపెట్టారు. తర్వాత ఒక యాప్, ఒక నిఘంటువు, రెండు వందల పేజీల నోట్సు. గత వేసవిలో స్త్రీల కూటంలో వాక్యం చెప్పే అవకాశం వచ్చింది. ఆదికాండము రెండో అధ్యాయంలో స్త్రీని "సాటియైన సహాయము" అన్న మాట తీసుకుని, "హీబ్రూలో ఇది ఎజెర్. ఎజెర్ అంటే యోధురాలు, రక్షించేది. మన తెలుగు బైబిల్లో సహాయమని తప్పుగా రాశారు. సహాయమంటే వంటింట్లో సాయం అనుకుంటున్నారు మనవాళ్లు" అన్నారు. కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి ఇంటికెళ్లి భర్తతో ఆ మాటే అంది. అతను మర్నాడు పొద్దున్నే పాస్టరుగారి గుమ్మంలో ఉన్నాడు. పాస్టరుగారు ఈమెను పిలిచి, "వీడియోలు చూసి మన బైబిలు తప్పంటున్నావా అమ్మా?" అని అడిగి సండే స్కూలు నుంచి తప్పించారు. సంఘం ముందు క్షమాపణ చెబితే చూద్దామన్నారట.

ఇంకో సంగతి ఇంట్లో జరిగింది. అత్తగారికి డెబ్బై రెండేళ్లు. కంటి ఆపరేషన్ అయ్యాక భూతద్దం పెట్టుకుని బైబిలు చదువుతారు. ఇరవై మూడో కీర్తన ఉన్న పేజీ కొబ్బరినూనె వేళ్లు తగిలి తగిలి వెనక అక్షరాలు కనిపించేంత పలచబడిందట. ఒకరోజు ఆవిడ "కృపాక్షేమములే నా వెంట వచ్చును" అని పైకి చదువుతుంటే, ఈమె కూర తరుగుతూ, "వెంట రావడం కాదత్తయ్యా, హీబ్రూలో తరమడం అని ఉంది. తెలుగులో సరిగ్గా రాయలేదు" అన్నారు. ఆవిడ కాసేపు ఊరుకుని, "అయితే నలభై ఏళ్లు నేను చదివింది తప్పా?" అన్నారు. ఆ రోజు నుంచి కోడలి ముందు బైబిలు తెరవడం లేదు.

భర్త "నీకెందుకొచ్చిన గొడవ" అంటారు. ఈమెకేమో బైబిలు తెరిస్తే చాలు, టెన్షన్. ప్రతి మాట దగ్గరా "అసలు హీబ్రూలో ఏముందో" అని చెయ్యి ఫోన్ మీదికి పోతోంది, ప్రార్థన సాగడం లేదు. క్షమాపణ చెప్పాలా, సంఘం మారాలా, హీబ్రూ మానేయాలా అని అడిగారు. చివర ఒక్క వాక్యం: "మా మామయ్య కట్టిన ఇల్లిది, గేటు పక్కన గ్రానైటు పలక మీద ఎబెనెజరు అని చెక్కించారు, ఆ ఇంట్లోనే నేను వేరుమనిషినయ్యాను."

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. కుర్రతనంలో గ్రీకు నాలుగు ముక్కలు వంటబట్టగానే నేను మా నాన్నగారి ప్రసంగాన్ని భోజనాల దగ్గర దిద్దాను. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ ఏమీ అనలేదు. తర్వాత చాలా రోజులు నా ముందు వాక్యం మాట్లాడలేదు. అందుకని మీ అత్తగారి మౌనం ఎలాంటిదో నాకు కొంచెం తెలుసు.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. పాస్టరుగారి దగ్గరికి వెళ్లాలన్నా, వెళ్లకూడదన్నా, మీరు చెప్పినదాంట్లో ఎంత నిలుస్తుందో మీకు తెలిసి ఉండాలి.

నిలిచే భాగం పెద్దదే. ఎజెర్ అన్న మాట పాత నిబంధనలో ఇరవై చోట్లకు పైగా వస్తుంది. వాటిలో ఎక్కువ చోట్ల సహాయం చేసేది దేవుడే. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును" అనే 121వ కీర్తనలోనూ అదే మాట. మోషే రెండో కొడుకు ఎలీయెజెరు పేరులో ఉన్నదీ అదే, "నా దేవుడే సహాయం" అని. కాబట్టి సహాయం చేసేవాళ్లు కిందివాళ్లు అని ఎవరైనా అంటే, ఆ మాట బైబిల్లో దేవుడికే తగులుతుంది. ఇంతవరకు మీరు ధైర్యంగా చెప్పొచ్చు.

"యోధురాలు" అన్నచోట మాత్రం జారిపోయారు. వీడియోల్లో అలా చెబుతారని నాకు తెలుసు, వినడానికి బాగుంటుంది కూడా. కానీ ఒక మాట యుద్ధం సందర్భంలో వచ్చినంత మాత్రాన ఆ మాటకే యుద్ధం అని అర్థం రాదు. యెషయా ముప్ఫయ్యో అధ్యాయంలో ఐగుప్తు సంగతి చూడండి. ఎందుకూ పనికిరాని జనం, సహాయానికి రారు అన్నచోట కూడా ఎజెరే ఉంది. దేవుడి సహాయానికీ, రాని సహాయానికీ ఒకటే మాటన్నమాట. ఎక్కువ తక్కువలు ఆ మాటలో లేవు. సాయం చేసేది ఎవరన్నదాన్ని బట్టే దాని బరువు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. జేమ్స్ బార్ అనే స్కాట్లండ్ పండితుడు 1961లోనే దీని మీద గట్టిగా రాశాడు. మాట పుట్టిన ధాతువును తవ్వి, అదే దాని అసలు అర్థం అనుకోవడం తప్పు అన్నాడు. హీబ్రూలో రొట్టెకు లెహెమ్ అంటారు, యుద్ధానికి మిల్ఖామా. రెండింట్లోనూ అవే మూడు హల్లులు. అలాగని బెత్లెహేము యుద్ధాల ఊరు అయిపోదు. మన భాషలోనే చూడండి. కనడం అంటే చూడడం, కనడం అంటే బిడ్డను కనడం కూడా. రేపెవరో తెలుగు నేర్చుకున్న పరదేశి వచ్చి "కన్నతల్లి అంటే అసలు అర్థం చూసిన తల్లి" అంటే మనం నవ్వుతాం. అల్లుడంటే బుట్టలు అల్లేవాడని చెప్పినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మీ చేతిలో ఉన్నది స్ట్రాంగ్ నిఘంటువు అయి ఉంటుంది. 1890లో వచ్చింది, బైబిల్లోని ఒక్కో మూల మాటకు ఒక్కో నంబరు వేసిన పుస్తకం, మంచి పనిముట్టే. కాకపోతే అందులో ఒక్కో నంబరు కింద వరసగా ఇచ్చిన మాటల్లో చాలా భాగం ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో ఆ హీబ్రూ మాటను ఏయే విధాలుగా అనువదించారో చెప్పే పట్టిక. దాంట్లోంచి నచ్చిన అర్థం ఏరుకోవడానికి కాదు.

ఇప్పుడు మీరు చూడకుండా వదిలేసిన మాట దగ్గరికి వద్దాం. ఎజెర్ పక్కన కెనెగ్దో అని ఉంది కదా. నెగెద్ అంటే ఎదురుగా, ముఖాముఖిగా. కె అంటే లాగా, చివరి ఓ అంటే అతని. మొత్తం కలిపితే "అతనికి ఎదురుగా నిలబడగలిగినట్టి". స్త్రీ స్థానం ఏమిటో చెప్పేది ఈ మాటే. పదకొండో శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న యూదు వ్యాఖ్యాత రాషి, అంతకుముందు రబ్బీలు అన్న మాటనే తీసుకుని దీని దగ్గర ఒక చమత్కారం రాశాడు: మగవాడు యోగ్యుడైతే ఆమె సహాయం, కాకపోతే ఎదురు నిలిచి పోరాడుతుంది అని. మీకు యోధురాలు కావాలంటే ఇదిగో, ఇక్కడ ఉంది!

ఈ కెనెగ్దోని మన తెలుగులో ఏమన్నారు? "సాటియైన" అన్నారు. నీకు సాటి ఎవరు అంటాం, సాటి మనిషి అంటాం. సాటి అంటే సమానంగా తూగేది. ఇంగ్లీషులో 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లోని "హెల్ప్ మీట్" అన్న రెండు మాటలను జనం కలిపేసి "హెల్ప్‌మేట్" అని ఒక్క మాట చేసేశారు. ఆనాటి ఇంగ్లీషులో మీట్ అంటే "తగిన", ఆ అర్థం అందులో మునిగిపోయింది. తెలుగులో అలా కాలేదు. కూటంలో మీరు నిరూపించాలనుకున్నది మన తెలుగు బైబిల్లో, మీ పాస్టరుగారు పెళ్లిళ్లలో చదివే అదే వచనంలో, అప్పటికే ఉంది. మీరేమో "తెలుగులో తప్పు" అని మొదలుపెట్టారు. మీ తరఫు సాక్షిని మీరే కోర్టులోంచి బయటికి పంపేశారు.

ఇరవై మూడో కీర్తననే ఇంకొంచెం చూడండి. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" అని మనం చదువుతాం. కింగ్ జేమ్స్‌లో అది "మరణపు నీడ లోయ". హీబ్రూలో మొదట హల్లులే రాసేవాళ్లు. అచ్చుల గుర్తులు పెట్టింది ఎన్నో వందల ఏళ్ల తర్వాత. తెలుగులో గుణింతాలు తీసేసి "కల" అని రాస్తే కలో, కాలో, కీలో, కూలో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. అక్కడి ఐదు హల్లులను త్సల్మావెత్ అని చదివితే మరణఛాయ, త్సల్మూత్ అని చదివితే చిమ్మచీకటి. ఇప్పటి పండితుల్లో చాలామంది మొగ్గు చీకటి వైపే. మన తెలుగు కూడా ఆ వైపే ఉంది. 1805లో విశాఖపట్నంలో దిగిన క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు మిషనరీలూ, వాళ్ల పక్కన కూర్చున్న ఆనందరాయరూ మొదలుపెట్టిన పనిని తర్వాత ఎందరో దిద్దుతూ వచ్చారు. వాళ్లు పొరపాట్లే చేయలేదని అనను. కానీ వాళ్లు కష్టపడి తెచ్చిన మాటలను రెండు నిమిషాల వీడియోతో కొట్టేయొద్దు.

మీరు ఉత్తరంలో ఇంకో ఫిర్యాదు కూడా చేశారు, పైన కుదింపులో రాయలేదు. హెసెద్ అన్న ఒక్క మాటను 136వ కీర్తనలో ఇరవై ఆరుసార్లూ కృప అని, రూతు కథలో దయ అని, హోషేయలో కనికరము అని రాశారనీ, ఇది నిలకడ లేకపోవడం కాదా అనీ. కాదు. మన "మొహమాటం" అన్న మాటను ఇంగ్లీషులో ప్రతిచోటా ఒకే మాటతో చెప్పి చూడండి. హెసెద్ కూడా అలాంటిదే. ప్రేమ ఉంది, మాట నిలబెట్టుకోవడం ఉంది, చేయాల్సిన అవసరం లేకపోయినా చేయడం ఉంది. ఒక్కోచోట ఒక్కో వైపు పైకి తేలుతుంది. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక పాస్టరుగారు. వచనం గురించి ప్రశ్న వస్తే వచనం తెరిచి మాట్లాడాలి, సండే స్కూలు తాళం తీసుకోవడం ఏమిటి? ఈ పని నాకు నచ్చలేదు. అయితే ఆయన వైపు నుంచి కూడా చూడండి. ఎవరూ సరిచూడలేని భాషను చూపించి మీరు మాట్లాడారు. కూటంలో ఉన్న ఆడవాళ్లకు మీ మాట నమ్మడం తప్ప వేరే దారి లేదు. "అయ్యగారు చెప్పారు కాబట్టి నిజం" అనేదానికీ "హీబ్రూలో ఉంది కాబట్టి నిజం" అనేదానికీ వినేవాళ్ల వైపు నుంచి పెద్ద తేడా లేదు.

ఆయన అడిగినట్టు సంఘం ముందు నిలబడి అన్నదంతా తప్పని ఒప్పుకుంటే మీ క్లాసు మీకు వచ్చేయొచ్చు, గొడవ ఆదివారంతో అయిపోతుంది. కానీ ఆ రోజు కళ్లు తుడుచుకున్న ఆడవాళ్లు ముందు బెంచీల్లోనే ఉంటారు. దేవుడికి వాడిన మాటే మీకూ వాడాడు అన్నది కూడా తప్పే కాబోలు అనుకుని ఇంటికెళతారు. అది తప్పు కాదని మీకు తెలుసు. ఆ భారం మీరు మోయగలరా?

అంతకంటే మీరు ఎంతవరకు తప్పారో అంతవరకే ఒప్పుకోవచ్చు. "యోధురాలు అన్నది నేను సాగదీసిన మాట, తెలుగు బైబిలు తప్పన్నది నా తొందరపాటు, రెండింటికీ క్షమించండి. సాటియైన అన్న మాటను మాత్రం మన బైబిల్లో ఉన్నది ఉన్నట్టే చెబుతాను" అని. ముందు ఆయన దగ్గర, మనుషులు లేనప్పుడు, ఫోన్ ఇంట్లో పెట్టి, తెలుగు బైబిలు ఒక్కటే తీసుకుని వెళ్లండి. వేదాంత కళాశాలలో చదివి వచ్చిన మనిషైతే ఆయనకూ ఆ అక్షరాలు బొత్తిగా కొత్త కాకపోవచ్చు. "మీరు కూడా చూసి చెప్పండి అయ్యగారూ" అంటే కొందరు మెత్తబడతారు. కొందరు బిగుసుకుంటారు, "నాకే పరీక్ష పెడుతున్నావా" అంటారు. ఆయన ఏ రకమో నాకంటే మీకే బాగా తెలుసు. బిగుసుకుంటే క్లాసు రాకపోవచ్చు, దానికి సిద్ధపడి వెళ్లండి. నన్నడిగితే మొగ్గు ఈ దారికే.

ఏమీ అనకుండా వెనక బెంచీలో కూర్చోవడం మూడో దారి. ఆరు నెలలు బాగానే ఉంటుంది. లోపల మాత్రం ప్రతి ప్రసంగానికీ మార్కులు వేస్తుంటారు, నేనూ వేశాను. అలా ఉండడం కంటే వెళ్లి మాట్లాడడం తేలిక.

సంఘం మారడం తప్పేం కాదు. ప్రసంగంలో మిమ్మల్ని ఎత్తిపొడుస్తూ ఉంటే, పిల్లలను కూడా దూరం పెడుతుంటే మారండి. కానీ ఈ ఒక్క వచనం కోసమైతే ఆగండి. కొత్త సంఘంలోనూ మీ నోట్సు మీ వెంటే వస్తుంది, అక్కడా ఒక పాస్టరుగారు ఉంటారు. అత్తగారు ఈ వయసులో కొత్త మందిరానికి రారు. ఆదివారం పొద్దున్న ఇంట్లోంచి రెండు ఆటోలు రెండు దిక్కులకు వెళతాయి. అది కూడా లెక్కలో వేసుకోండి.

ఆ కొత్త పెళ్లికూతురి సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, నాకేమో అక్కడే కాలు ఆగింది. భార్య ఒక వచనం చెబితే తెల్లారేసరికి పాస్టరు ఇంటికి పరుగెత్తిన మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో తెలియదు. వీలు చూసుకుని ఆ అమ్మాయిని పలకరించండి, వాక్యం కోసం కాదు, ఎలా ఉన్నావని. చెయ్యి చేసుకుంటున్నాడని తెలిస్తే అది ఎజెర్ అర్థంతో తేలేది కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వండి, పుట్టింటివాళ్లకు చెప్పమనండి.

మీ భర్త "నీకెందుకొచ్చిన గొడవ" అన్నది భయంతోనే అనుకుంటాను. పాస్టరుగారి దగ్గరికి వెళ్లేముందు ఆయనకు చెప్పి వెళ్లండి, చాలు.

హీబ్రూ మానేయాలా? ఎందుకు మానేయడం? "కనికరమునే కోరుచున్నాను గాని బలిని కోరను అను వాక్యభావమేమిటో మీరు వెళ్లి నేర్చుకొనుడి" అని యేసు పరిసయ్యులతో అన్నాడు. ఆ కనికరం హోషేయలోని హెసెదే. ఒక మాటకు అర్థం ఏమిటో వెళ్లి నేర్చుకోమనడమే కదా అది. కానీ మత్తయి ఆ మాటను మనకు అందించింది గ్రీకులో. కొత్త నిబంధన రాసినవాళ్లు పాత నిబంధన వచనాలను చాలాచోట్ల గ్రీకు అనువాదం నుంచే ఎత్తి రాశారు. అనువాదం చేతిలో పట్టుకుని ప్రార్థించడం వాళ్లకు తక్కువ అనిపించలేదు. కాబట్టి పొద్దున ప్రార్థనకు తెలుగు బైబిలు ఒక్కటే, ఫోన్ వేరే గదిలో. నోట్సు వారానికి రెండు సాయంత్రాలు, దానికి ఒక టైము పెట్టుకోండి. ఇంకో పని కూడా చేసి చూడండి. పదాలు పోగేయడం ఆపి, రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు కదా, అది మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా హీబ్రూలో చదవండి. కథ వెంట నడిస్తే మాటలు వాటంతటవే లొంగుతాయి.

రూతు అన్నాను కదా, హెసెద్ అక్కడ ఎవరు ఎవరితో అన్నారో చూడండి. మొదటి అధ్యాయం ఎనిమిదో వచనంలో నయోమి తన కోడళ్లిద్దరితో అంటుంది. చనిపోయినవాళ్ల విషయంలో, నా విషయంలో మీరు ఎలా దయ చూపించారో దేవుడు మీకు అలా చూపించాలని. అత్త నోటి నుంచి కోడళ్లకు దక్కిన మాట అది.

మీ అత్తగారితో మీరు అన్నది అర్థం వరకు సరైనదే. రాదఫ్ అంటే తరమడమే. ఫరో ఇశ్రాయేలీయుల వెంటపడ్డప్పుడు వాడింది ఆ మాటే, కీర్తనల్లో శత్రువులు తరిమేటప్పుడూ అదే. ఇరవై మూడో కీర్తనలో మాత్రం శత్రువులకు బదులు కృప వెంటపడుతోంది. ఎంత ముద్దొచ్చే సంగతి! దాన్ని మీరు ఆవిడకు మిఠాయిలా ఇవ్వాల్సింది పోయి ఎర్ర సిరాతో దిద్దిన పేపరులా ఇచ్చారు. వెంట రావడానికీ వెంటపడడానికీ ఎంత దూరం? ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా ఆ కీర్తన చదివిన మనిషికి కృప వెంటపడడమంటే ఏమిటో మనం చెప్పాలా?

పాస్టరుగారి కంటే ముందు ఆవిడ దగ్గరికి వెళ్లండి. తప్పయిపోయింది అని పొడుగ్గా చెప్పొద్దు, పెద్దవాళ్లకు ఇబ్బంది. సాయంత్రం గేటు దగ్గర ఇద్దరూ ఉన్నప్పుడు ఆ గ్రానైటు పలక సంగతి అడగండి. మీరు రోజూ దాని పక్కనుంచే వెళుతున్నారు, గమనించారో లేదో. ఎబెన్ అంటే రాయి. ఎజెర్ అంటే మీకు తెలుసు. మిస్పా దగ్గర సమూయేలు ఒక రాయి నిలబెట్టి, ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను అని చెప్పి దానికి పెట్టిన పేరది. మీరు కూటంలో ఎత్తుకున్న మాట మీ మామగారు ఇల్లు కట్టినప్పుడే రాయి మీద చెక్కించి పెట్టారు.

ఈ విడమరచడం ఆవిడకు చెప్పొద్దు. "అత్తయ్యా, మామయ్య ఈ పేరే ఎందుకు పెట్టారు?" అని మాత్రం అడగండి. ఆ ఇల్లు లేచేటప్పుడు అప్పులు ఎన్ని తెచ్చారో, ఏ నగ అమ్మారో, ఎవరు ఆదుకున్నారో ఆవిడకు తెలుసు. కుర్చీ వేసుకుని కూర్చుని వినండి. చివర్లో ఆవిడ "మరి నీ పుస్తకంలో దీన్ని ఏమంటారే?" అని అడిగితే అప్పుడు చెప్పండి.